బావ ఊపిరి, నా డోలు

డోలు వాయించేవాడికి ఊపిరి గురించి మాట్లాడే అర్హత ఏముందని ఎవరైనా అడగొచ్చు. అడగనీయండి. ఇరవై ఆరేళ్లు ఒక సన్నాయి పక్కన మూరెడు దూరంలో కూర్చున్నవాణ్ణి నేను. ఆ సన్నాయి ఊదే మనిషి మా అక్క మొగుడు. బావ ఊపిరి ఎక్కడ మొదలవుతుందో, ఎక్కడ మలుపు తిరుగుతుందో, ఎక్కడ ఆగుతుందో ఆయన కంటే నాకే బాగా తెలుసు. తెలిసి నేనేం చేశానన్నదే ఇక్కడ రాస్తున్నాను. రాస్తే గుండె బరువు దిగుతుందంటారు. నాకైతే ఆ ఆశ లేదు.

మాది చిక్కడపల్లి. మా నాయన పాలమూరు వైపు నుంచి డోలు భుజానేసుకుని వచ్చి ఇక్కడి సందులో ఒక గది కిరాయికి తీసుకున్నాడు. నేనింకా ఆ సందులోనే ఉన్నాను. అక్కా బావలది అశోక్‌నగర్. పోటీ పరీక్షలకు చదివే పిల్లల హాస్టళ్ల మధ్య, కింది అంతస్తులో ఒక గది, ఒక వంటిల్లు. పొద్దున్నే గుడిలో మేళం, ముహూర్తాలున్న రోజుల్లో పెళ్లిళ్లు, ఇదీ మా బతుకు. మేళమంటే పెద్ద గుంపేమీ కాదు. బావ సన్నాయి, నా డోలు, శ్రుతికి ఒక కరెంటు పెట్టె. అంతే.

బావకు ఒక్క దురలవాటు లేదు. బీడీ ముట్టలేదు. జర్దా ఎరగడు. చల్లటి నీళ్లు తాగడు, రాత్రిపూట పెరుగు తినడు, పెళ్లిలో ఐస్‌క్రీం ఇస్తే తెచ్చి అక్కకిచ్చేవాడు. "ఊపిరి దేవుడిచ్చిన సొమ్ము బామ్మర్దీ, మనం కావలి ఉండేటోళ్లమే" అని నాకు నీతులు చెప్పేవాడు. నేనేమో కిళ్లీ దగ్గర నుంచి ఫంక్షన్ హాలు వెనకాల సందులో కాల్చే సిగరెట్ దాకా అన్నీ చేసినవాణ్ణి. ఇవాళ నేను రెండంతస్తులు ఎక్కి దిగుతున్నాను, ఆయన మంచం దిగలేడు. న్యాయం ఎక్కడుందో ఎవరైనా నాకు చూపించండి, దండం పెడతాను.

మా పనిలో ఒక ఆచారం ఉంది, ఎదుర్కోలు. పెళ్లికొడుకు వాళ్లు వస్తుంటే ఆడపిల్లవాళ్లు మేళంతో ఎదురు వెళ్లి తీసుకురావాలి. ఊళ్లలో అయితే పొలిమేర దాకా వెళ్తారు. అక్కడ గాలి, చెట్లు, మహా అయితే ఒక ఎద్దులబండి. నారాయణగూడలో పొలిమేర ఎక్కడుంటుంది? ఫంక్షన్ హాలు గేటు దాటితే మెయిన్ రోడ్డే. కాబట్టి మేళం ఆ రోడ్డు అంచున నిలబడాలి. పెళ్లికొడుకు కారు ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఉంటుంది. "రెండు నిమిషాలల్ల వస్తున్నరట" అంటాడొకాయన. ఆ రెండు నిమిషాలు ముప్పావుగంట అవుతుంది. ఒకసారి మొదలుపెట్టాక రెండు వైపులవాళ్లూ కలిసి పానకం ఇచ్చుకునేదాకా సన్నాయి ఆగకూడదు. ఆగితే అపశకునం.

ముందర ఎర్రబస్సులు, ఆటోలు పొగ కక్కుతూ నిలబడి ఉంటాయి. వెనకాల దీపాల గొడుగులకు కరెంటిచ్చే జనరేటర్, దాని పొగగొట్టం సరిగ్గా మా నడుముల ఎత్తున. కారు కనబడిందంటే చాలు, కాళ్ల దగ్గర పటాకులు. మామూలు మనిషి పొగ వస్తే ఏం చేస్తాడు? మొహం తిప్పుకుంటాడు, ముక్కుకు గుడ్డ అడ్డం పెట్టుకుంటాడు. సన్నాయి ఊదేవాడు ముక్కు మూసుకుంటే పాట ఆగిపోతుంది. బుగ్గల్లో గాలి నిల్వ చేసి, అది సన్నాయి కొసనుండే పీకలోకి పోతూ ఉండగానే ముక్కుతో కొత్త గాలి గుంజుకోవడం ఆ విద్య. అట్లా చేస్తేనే నాదం తెగకుండా సాగుతుంది. మనం గుక్కెడు పీల్చేచోట ఆయన బిందెడు పీలుస్తాడు. ఇరవై ఆరేళ్లు, ముహూర్తం ఉన్న ప్రతిరోజూ, ఆ రోడ్డు మీది గాలిని ఆయన బిందెలకు బిందెలు లోపల పోసుకున్నాడు.

పెళ్లి నుంచి వచ్చాక బావ ముక్కు చీదితే నల్లగా వచ్చేది. నాకూ వచ్చేది, మేం నవ్వుకునేవాళ్లం. తెల్ల కండువా ఉతకలేక అక్క తిట్టేది. "పెండ్లికి పోయిన కండువనా ఇది, బొగ్గులడ్డకు పోయిందా?" అనేది.  బావ గుక్కెడు వేడినీళ్లు తాగి పడుకునేవాడు.

దగ్గు ఎప్పుడు మొదలైందో నాకు గుర్తులేదు. దగ్గు ఎవరికి రాదు? అశోక్‌నగర్‌లో పొద్దున కిటికీ తెరిస్తే హాస్టల్ పిల్లలంతా దగ్గుతూనే పళ్లు తోముకుంటారు. నాకు గుర్తున్నది దగ్గు కాదు. గుడిలో బావ రోజూ ఊదే ఒక కీర్తన పల్లవి ఉండేది. ఆ పల్లవి ఎత్తుకుంటే మొదటి నుంచి చివరి దాకా ఒకటే ఊపిరి. ఎన్నేళ్లు విన్నానో అది. ఒక చలికాలం పొద్దున ఆ పల్లవి మధ్యలో తెగింది. వెంట్రుకవాసి తెగింది. బావ వెంటనే అందుకున్నాడు. దేవుడి ముందు దండం పెడుతున్నవాళ్లలో ఒక్కరూ తలెత్తలేదు. నాకు మాత్రం చెయ్యి ఆగినంత పనైంది.

మర్నాడు మళ్లీ అక్కడే తెగింది. ఆ మర్నాడు కూడా. నాలుగో రోజు నేను ఒక పని చేశాను. తెగుతుందని తెలిసిన చోట ముందుగానే ఒక ముక్తాయింపు వేశాను. డోలు దడదడమని నిండేసరికి ఆ తెగిన సందు వినబడలేదు. బావ నా వైపు ఓరగా చూసి తలూపాడు. అంతే. ఇద్దరం ఆ సంగతి ఎన్నడూ మాట్లాడుకోలేదు.

తర్వాత తర్వాత అది నాకు అలవాటైపోయింది. పల్లవి రెండు ఊపిర్లయింది, మూడయింది. ఎక్కడ తెగితే అక్కడ నేను. ఆలాపన పొట్టిదైతే నా వంతు పొడుగయ్యేది. ఆయన ఒక పాట ఊది పీక తుడుచుకునే నెపంతో తలవంచుకుని కూర్చుంటే, ఆయనకు దమ్ము తిరిగేదాకా నేను ఒంటరిగా వాయించేవాణ్ణి. జనం చూడాలి అప్పుడు! "డోలాయన ఇరగదీస్తుండు" అని పెళ్లిపెద్దలు వచ్చి చేతిలో నోట్లు పెట్టేవాళ్లు. ఫోన్లు పట్టుకుని వీడియోలు తీసేవాళ్లు. నిజం చెప్పొద్దూ, నాకు సంతోషంగానే ఉండేది. ఇన్నేళ్లూ సన్నాయి పక్కన దరువు వేసేవాణ్ణి, ఇప్పుడు అందరూ నన్నే చూస్తున్నారు. ఛీ, రాస్తుంటే నా మీద నాకే ఉమ్మేయాలనిపిస్తోంది. కానీ ఉన్నది ఉన్నట్టు రాయాలి కదా.

మెట్రో స్టేషన్ మెట్లెక్కుతూ బావ రెండుసార్లు ఆగాడని అక్క ఒకరోజు గొడవ పెట్టుకుంది. "వయసు వచ్చిందే" అన్నాడాయన. "యాభై ఎనిమిదేండ్లకేం వయసయ్యా? మా మేనమామ డెబ్బైయేండ్లకు పొలం దున్నిండు" అని రెక్క పట్టుకుని నారాయణగూడలో ఒక ఛాతీ డాక్టరు దగ్గరికి బయల్దేరదీసింది. నేనూ వెళ్లాను.

డాక్టరు మంచాయనే. ఛాతీ మీద, వీపు మీద పరికరం పెట్టి విన్నాడు. "కొంచెం పిల్లికూతలున్నాయి" అన్నాడు. సిగరెట్టా, బీడీయా అని అడిగాడు. ఏదీ లేదంటే ఏం పని చేస్తారన్నాడు. సన్నాయి అని చెప్పగానే నవ్వాడు. "అయితే మీ ఊపిరితిత్తులు మాకంటే గట్టిగా ఉండాలే!" అంటూ బల్ల సొరుగులోంచి ఒక ప్లాస్టిక్ గొట్టం తీశాడు. దాని మీద అంకెలు, ఒక ఎర్ర ముల్లు. ఒకవైపు నోరు పెట్టి ఒక్కసారిగా గట్టిగా ఊదాలి. ఎంత గట్టిగా ఊదితే ముల్లు అంత దూరం జరుగుతుంది.

ఇదిగో, అక్కడ జరిగింది పొరపాటు. ఊదడమంటే మామూలు మనిషికి ఊపిరితిత్తుల్లోంచి ఊదడమే తెలుసు. ముప్ఫై నలభై ఏళ్లు పీక నోట్లో పెట్టుకున్నవాడి చేతికి గొట్టమిచ్చి ఊదమంటే వాడు ఏం చేస్తాడు? బుగ్గలు బిగించి, నాలుక వెనక్కి లాగి, చిటిక వేసినట్టు గాలిని ఒక్క దెబ్బ కొడతాడు. సన్నాయి మీద మొదటి స్వరం అట్లాగే పుడుతుంది. ఆ గాలి ఛాతీలోది కాదు, నోట్లోది. బావ కావాలని మోసం చెయ్యలేదు, ఒట్టు. డాక్టరు నవ్వేసరికి ఆయనకు పంతం వచ్చింది, అంతే. టప్ మని కొట్టాడు. ముల్లు చివరి దాకా పరుగెత్తింది.

"అబ్బో!" అన్నాడు డాక్టరు. అక్క మొహం వెలిగిపోయింది. బావ ఎట్లా ఊదాడో నేను చూశాను. ఆయన మెడ నరాలు కదల్లేదు, పొట్ట కదల్లేదు, బుగ్గలు మాత్రమే ఆడాయి. చూసి కూడా నోరు మూసుకున్నాను.

దుమ్ము పడట్లేదని, మాస్కు పెట్టుకోమని, పీల్చే మందు ఒకటి పొద్దునా సాయంత్రం వాడమని డాక్టరు రాసిచ్చాడు. ఆ గొట్టం ఒకటి కొనుక్కుని రోజూ ఊది అంకె ఒక నోటుబుక్కులో రాసుకుని నెల తర్వాత తీసుకురమ్మన్నాడు. వీలైతే మిషన్ మీద పెద్ద టెస్టు కూడా చేయించుకోమన్నాడు. మాస్కు సంగతి చెప్పాలా? మాస్కు పెట్టుకుని సన్నాయి ఎట్లా ఊదుతారో ఆ డాక్టరు గారే వచ్చి నేర్పాలి. నేను డోలే కదా అని ఒక పెళ్లిలో పెట్టుకున్నాను. ఫొటోలు తీసేవాడు వచ్చి, "అన్నా, జర అది తీయ్‌, ఆల్బంల దవాఖాన లెక్క కనబడుతుంది" అన్నాడు. తీసి జేబులో పెట్టుకున్నాను.

ఇంట్లో ఆ గొట్టం ఒక ఆటైపోయింది. పొద్దున గుడి నుంచి రాగానే బావ ఊదడం, అక్క అంకె చూసి నోటుబుక్కులో రాయడం. "సూడు తమ్మీ, మొన్నటికంటే ఎక్కువొచ్చింది" అని నాకు చూపించేది. నేనూ ఊదాను ఒకసారి. నాది బావ దానిలో సగం వచ్చింది. "నువ్వు సిగరెట్లు బందు పెట్టు" అని ఇద్దరూ నన్ను ఆటపట్టించారు. అక్క వంటింట్లోకి వెళ్లాక మెల్లగా అన్నాను, "బావా, బుగ్గలతోటి గాదు, పొట్టలకెళ్లి ఊదాలె గద?"

"ఎట్లూదితే ఏంది, ముల్లు పోతుంది గద!" అన్నాడాయన.

"ఒక్కసారి పొట్టలకెళ్లి ఊది సూడు."

బావ గొట్టం చేతిలో పట్టుకుని కాసేపు చూశాడు. నోటి దాకా తీసుకెళ్లాడు. మళ్లీ దించి కిటికీలో పెట్టేశాడు. "ఛాయ్ తెమ్మను మీ అక్కను" అన్నాడు. ఆయనకూ తెలుసని నాకు అప్పుడు అర్థమైంది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఆ ఇంట్లో ఇద్దరం దొంగలం, అక్క ఒక్కతే కాపలా.

నెల తర్వాత నోటుబుక్కు చూసి డాక్టరు సంతోషించాడు. మందు ఒక పూటకు తగ్గించాడు. ఇంత మంచి అంకెలు వస్తుంటే మిషన్ టెస్టెందుకని మేమే మానుకున్నాం. ఆ ఒక్క పూట మందు కూడా బావ వాడలేదు. పీలిస్తే నాలుక మొద్దుబారుతోందని, స్వరం పలకడం లేదని అటక మీద పడేశాడు.

తర్వాతి చలికాలం నాకు బాగా గుర్తు. ఆ కాలంలో చిక్కడపల్లిలో పొద్దున ఆరింటికి పొగమంచు కిందికి దిగి ఉంటుంది. మంచని పేరే గానీ నాలుక మీద కాలిన టైరు రుచి తగులుతుంది. ఊడ్చేవాళ్లు ఆకులూ కాగితాలూ కుప్పేసి అంటిస్తారు, పాపం వాళ్ల చలి వాళ్లది. ఆ కాలంలోనే ముహూర్తాలు. వరసగా పెళ్లిళ్లు, ఒక్కోరోజు రెండు. బావ అన్నం సగమే తినేవాడు. తింటే దమ్ము అందడం లేదనేవాడు. పడుకుంటే దగ్గు, కూర్చుంటే పరవాలేదు. అక్క అడిగితే "చలికి" అనేవాడు. నన్ను అడిగితే నేనూ "చలికే అక్కా" అనేవాణ్ణి.

ఆ రోజు నారాయణగూడలో పెళ్లి, పదిన్నరకు ముహూర్తం. ఎదుర్కోలు రోడ్డు మీద గంట సాగింది. పెళ్లికొడుకు స్నేహితులు కారు ముందు డాన్సు ఆపలేదు. పటాకుల పొగ బస్సుల మధ్య నుంచి పోయే దారి లేక మా మీదే నిలబడింది. బావ ఊదాడు. ఎట్లా ఊదాడో దేవుడికే తెలియాలి. నేను డోలుతో ఆయన్ని మోసుకొచ్చానన్నా తప్పులేదు. లోపలికొచ్చి మండపం పక్కన కూర్చున్నాక ఆయన కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి, పెదాల రంగు మారింది. "బావా, లేద్దామా?" అన్నాను. "మూడు ముళ్లు పడనీ" అన్నాడు. మూడు మాటలకు మూడుసార్లు ఆగాడు.

పంతులు చెయ్యెత్తి "గట్టిమేళం, గట్టిమేళం!" అన్నాడు. మూడు ముళ్లు పడే ఆ నిమిషంలో తుమ్ము గానీ, దగ్గు గానీ, చెడ్డమాట గానీ ఎవరి చెవినా పడకూడదు. అందుకే మేళం ఆ చప్పుళ్లన్నీ మింగెయ్యాలి. నేను శక్తికొద్దీ కొట్టాను. అక్షింతలు మీద పడుతున్నాయి, జనం లేచి నిలబడ్డారు, ఫోన్లు పైకి లేచాయి. నేను కొడుతూనే ఉన్నాను. ఎప్పుడో నా చెవికి సన్నాయి లేదని తెలిసింది. తల తిప్పి చూస్తే ఆపాల్సి వస్తుందని తిప్పలేదు. ఇంకా గట్టిగా కొట్టాను.

మూడో ముడి పడ్డాక తిప్పాను. బావ రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి ముందుకు వంగి ఉన్నాడు. నోరు తెరిచి ఉంది, గాలి లోపలికి పోతున్న చప్పుడు లేదు. గోళ్లు నీలంగా ఉన్నాయి. సన్నాయి ఒళ్లోంచి జారి తివాచీ మీద పడింది. ఇన్ని వందల మంది జనంలో ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు సన్నాయి ఆగిందని కనిపెట్టలేదు. పెళ్లికూతురి తండ్రి వచ్చి నా భుజం తట్టి, "మస్తు వాయించినవే" అన్నాడు. ఆయన చెయ్యి తోసేసి బావను ఎత్తుకున్నాను.

ఆటోలో పెద్ద దవాఖానకు తీసుకెళ్లాను. ఆక్సిజన్ పెట్టారు. పన్నెండు రోజులున్నాడు. ఇంటికి పంపాక కొన్ని వారాలకు పిలిచి మిషన్ మీద టెస్టు చేశారు. ఆ టెస్టులో ముక్కుకు క్లిప్పు పెడతారు. నోట్లో గొట్టం పెట్టి ఊదితే కంప్యూటర్ మీద గీత వస్తుంది. టెస్టు చేసే అమ్మాయి చిన్నదే కానీ మాటకారి. బావ అలవాటుగా బుగ్గలు బిగించాడు. ఆ పిల్ల వెంటనే పట్టేసింది. "అంకుల్, బుగ్గలతోటి గాదు. ఛాతీలకెళ్లి. ఊదు, ఊదు, ఇంకా, ఇంకా!" అని అరిచింది. బావ ఊదాడు. కంప్యూటర్ మీద గీత కొద్దిగా లేచి, పొంగకుండానే చల్లారిన పాలలాగా కిందికి జారి చాలాసేపు అడుగునే పాకింది. మూడుసార్లు చేయించింది. మూడుసార్లూ అదే గీత. రోజూ నోటుబుక్కు రాసిన అక్క ఆ గీతను చూస్తూ నిలబడింది.

అక్కడి డాక్టరు కూడా అవే ప్రశ్నలు అడిగాడు. సిగరెట్లు ఎన్ని? లేవు. ఇంట్లో కట్టెల పొయ్యా? గ్యాసే. రాళ్ల క్వారీలో పని చేశారా? లేదు. "మరి ఇన్నేళ్లు పొగ ఎక్కడ పీల్చాడు?" అన్నాడు. "పెండ్లిళ్లల్ల సార్" అన్నాను. ఆయన నవ్వలేదు. గాలి గొట్టాలు లోపల మచ్చలుపడి ఇరుకైపోయాయని, పోయింది తిరిగి రాదని, ఉన్నది నిలబెట్టుకోవడమేనని చెప్పాడు. రెండేళ్ల ముందు వచ్చి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదన్నాడు. ఆ మాటకు నేను నేల చూశాను. గాలి బాగున్న చోటుకు మారండి అన్నాడు చివర్లో.

"ఆ గాలి యే దుకాణంల దొరుకుతదో గది గూడ చీటీ మీద రాసియ్యండి సార్" అన్నాను. నా నోరు అంతే, కోపమొస్తే పెద్దా చిన్నా చూడదు. అక్క నా చెయ్యి గిల్లింది. డాక్టరు కోప్పడలేదు. కిటికీలోంచి రోడ్డు వైపు చూసి, "నేనూ ఇక్కడే ఉంటున్న గదయ్యా" అన్నాడు.

పాలమూరు వైపు మా ఊళ్లో ఉండొచ్చు కదా అని చెప్పినవాళ్లున్నారు. అక్కడ మాకు ఇల్లు లేదు. ఊరి పక్కనే కంకర మిషన్లు ఆడుతున్నాయి, ఇళ్ల మీద తెల్లటి దుమ్ము పేరుకుంటోంది. ఆక్సిజన్ అయిపోతే ఆసుపత్రికి గంటన్నర దారి. కాబట్టి బావ అశోక్‌నగర్‌లోనే ఉన్నాడు. కిరాయికి తెచ్చిన ఆక్సిజన్ మిషన్ మంచం పక్కన రోజంతా గుర్రుగుర్రుమంటుంది. కరెంటు పోయిందంటే పక్క హాస్టల్ జనరేటర్ మొదలవుతుంది, దాని పొగ సరిగ్గా వీళ్ల కిటికీలోకే వస్తుంది. మిషన్ ఆగి, పొగ వచ్చే ఆ పది నిమిషాలు అక్క తడిగుడ్డ పట్టుకుని కిటికీ దగ్గర నిలబడుతుంది. హాస్టల్‌వాళ్లను నేను రెండుసార్లు తిట్టి వచ్చాను. గొట్టం అటు తిప్పితే ఇంకో ఇంటివాళ్ల మీదికి పోతుందట. వాళ్లింట్లో చంటిపిల్ల ఉందట. ఏం చెప్పను ఇక?

బావ ఇప్పుడు స్నానానికి కూర్చుంటే అక్క నీళ్లు పోయాలి. ఒక వాక్యాన్ని నాలుగు ముక్కలు చేసి మాట్లాడతాడు. నాలుగో ముక్క వచ్చేసరికి మొదటి ముక్క మనం మరిచిపోతాం, మళ్లీ అడిగితే ఆయన చెయ్యి ఊపి వదిలేస్తాడు. బాగవుతాడని ఇంట్లో ఎవరమూ అనుకోవడం లేదు.

నేను వాయించడం మానలేదు. మానితే తినేదేముంది? కాచిగూడ వైపు నుంచి ఒక సన్నాయి ఆయన వస్తున్నాడు, నలభై దాటినవాడు, పెళ్లాం పిల్లలున్నవాడు. అదే రోడ్డు, అదే ఎదుర్కోలు, అదే జనరేటర్.

మొన్న మధ్యాహ్నం అశోక్‌నగర్ వెళ్లాను. బావ కళ్లు మూసుకుని పడుకున్నాడు. అక్క మంచం కాళ్ల దగ్గర కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తోంది. నేనూ కూర్చుని రెండు కాయలు చేతిలోకి తీసుకున్నాను.

"కొత్తాయన ఎట్ల ఊదుతుండు తమ్మీ?" అంది.

"మంచిగనే ఊదుతుండు. కాని మొన్న చరణంల రెండు చోట్ల ఊపిరి తెగింది. దవాఖానల సూపెట్టుకోవయ్యా, మిషన్ మీదనే చేయించుకో అని గట్టిగ చెప్పిన." మంచిపని చేశానని చెప్పుకుంటున్నట్టే చెప్పాను. అక్క మెచ్చుకుంటుందని కూడా అనుకున్నానేమో.

అక్క చెయ్యి ఆగింది. "తెగిందని నీకెట్ల తెలిసింది?"

"పక్కన కూసున్నంక ఇనబడతది గదక్కా."

ఆ మాట నోట్లోంచి వచ్చాక తెలిసింది నేనేం అన్నానో. అక్క కాయలు పళ్లెంలో పెట్టింది. నా మొహంలోకి చూసింది. చిన్నప్పుడు నేను అబద్ధమాడితే చూసినట్టే చూసింది.

"మరి మీ బావది ఇనబడలేదా?"

వినబడలేదని అనొచ్చు. అంటే నమ్మేది కూడా. ఇన్నాళ్లూ నమ్మింది కదా.

"ఇనబడింది" అన్నాను.

"ఎప్పటిసంది?"

"మూడేండ్లయితుంది."

అక్క పళ్లెం పక్కకు జరిపింది. తర్వాత గొంతు పెంచకుండానే అడిగింది. "నాకెందుకు చెప్పలేదురా? ఒక్క మాట చెప్తే సన్నాయి గుంజుకుని పొయ్యిల పెట్టి ఆపుతుంటి గద."

"ఆపుతవనే చెప్పలేదక్కా" అన్నాను.

అక్క తల వంచుకుంది. నేను మంచం వైపు చూశాను. బావ కళ్లు తెరిచే ఉన్నాయి.